హాంకాంగ్‌లో పొద్దున్నే డిమ్ సమ్: పేరున్న రెస్టారెంట్‌కి వెళ్లాలంటే ఎన్నింటికి వెళ్లాలి, ఏం తినాలి?

నీలిగొడుగు:

అందరికీ నమస్తే. వచ్చే నెలలో హాంకాంగ్ వెళ్తున్నాం. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, మా అత్తగారు. హోటల్ చిమ్ షా చుయ్‌లో నేథన్ రోడ్డు మీద దొరికింది. బ్రేక్‌ఫాస్ట్ లేని రూమ్ కావాలనే తీసుకున్నాం, ఎందుకంటే అక్కడ పొద్దున పూట ఇంటిల్లిపాదీ రెస్టారెంట్‌కి వెళ్లి, టీ తాగుతూ వెదురు బుట్టల్లో వచ్చే వేడివేడి డిమ్ సమ్ (చిన్న చిన్న చైనీస్ టిఫిన్లు) తింటారని విన్నప్పటి నుంచి ఆ హడావుడి మధ్య ఒక్కసారైనా కూర్చోవాలని నాకు చాలా కోరిక.

ఎవర్ని అడిగినా ఒక్కో పేరు చెప్తున్నారు. టిమ్ హో వాన్ అని ఒకరు, లిన్ హోంగ్ అని ఒకరు, లుక్ యూకి వెళ్లకపోతే వెళ్లినట్టే కాదని ఇంకొకరు. టైమింగ్స్ చూస్తే కొన్ని తెల్లవారుజామునే తెరుస్తారట, కొన్ని పది దాటితే గానీ తెరవరట. మా పిల్లలకి ఎనిమిదింటికల్లా ఆకలేస్తుంది, పదింటి దాకా ఆపడం నా వల్ల కాదు.

అసలు టెన్షన్ రెండో విషయం. అత్తగారు పూర్తి శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు. మేం నలుగురం చికెన్, చేపలు, రొయ్యలు తింటాం. బీఫ్ తినం, పోర్క్ కూడా తినం. ఇలాంటి కుటుంబానికి అక్కడ కుదురుతుందా? కుదిరితే ఏ రెస్టారెంట్, ఏ ఐటమ్స్? ఆర్డర్ ఎలా ఇవ్వాలి, మెనూ అంతా చైనీస్‌లోనే ఉంటుందా? వెళ్లొచ్చినవాళ్లు, అక్కడ ఉంటున్నవాళ్లు కాస్త చెప్పండి, ప్లీజ్.


విక్టోరియా_తీరం:

నీలిగొడుగు గారూ, చాలా ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నాను, కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు టైమ్ సంగతి. బయటివాళ్లకి తెలిసిన పెద్ద పేర్లలో చాలావరకు టిఫిన్ వేళకి తెరుచుకోవు. టిమ్ హో వాన్‌నే తీసుకోండి. మాక్ క్వాయ్ పుయ్ అనే షెఫ్ అంతకుముందు ఫోర్ సీజన్స్ హోటల్లోని లుంగ్ కింగ్ హీన్‌లో చేసేవారు, రెస్టారెంట్లకి స్టార్లిచ్చే మిషెలిన్ గైడ్‌లో మూడు స్టార్లు తెచ్చుకున్న మొదటి చైనీస్ రెస్టారెంట్ అది. అక్కణ్ణుంచి బయటికొచ్చి 2009లో మాంగ్ కాక్‌లో చిన్న షాపు పెట్టారు, వెంటనే తర్వాతి గైడ్‌లోనే దానికి స్టార్ వచ్చింది. అంత తక్కువ ధరకి స్టార్ ఉన్న తిండి ఇంకెక్కడా దొరకదని ప్రపంచమంతా పేరు పాకిపోయింది. ఆ మొదటి షాపు ఇప్పుడు అక్కడ లేదు. షామ్ షుయ్ పోలో ఫుక్ వింగ్ వీధి బ్రాంచికి మీ హోటల్ దగ్గర్నుంచి రైలు మారకుండా మెట్రోలో వెళ్లొచ్చు, కానీ పదింటి దాకా ఆగాలి. పైగా అక్కడ అందరూ మొదట తెప్పించుకునేది ఓవెన్‌లో కాల్చిన చా సియూ బావ్ అనే బన్. పైన తియ్యగా కరకరలాడే పొర, లోపల పోర్క్. మీరు పోర్క్ తినరు కాబట్టి, క్యూలో నిలబడి మరీ అసలైనదాన్ని వదిలేసి రావడం ఎందుకని నా అభిప్రాయం.

తెల్లవారుతూనే తెరిచేవి వేరే ఉన్నాయి. లుక్ యూ టీ హౌస్ 1933లో మొదలైంది, ఇప్పుడు సెంట్రల్‌లో స్టాన్లీ వీధిలో ఉంది, ఏడింటికి తెరుస్తారు. చెక్క బూత్‌లు, రంగురంగుల అద్దాలు, పైన ఫ్యాన్లు, చూడ్డానికి చాలా బాగుంటుంది. ధర ఎక్కువ. దశాబ్దాలుగా రోజూ వచ్చే పెద్దవాళ్ల టేబుళ్లు వాళ్లకే ఉంటాయి, కొత్తవాళ్లు దొరికిన చోట సర్దుకోవాల్సిందే. వెల్లింగ్టన్ వీధిలోని లిన్ హోంగ్ ఇంకా పాతకాలపు పద్ధతి, బుట్టలు పేర్చిన బండి తోసుకుంటూ వస్తారు, మీకు కావాల్సింది బండి దగ్గరికెళ్లి అడిగి తీసుకోవాలి. అది 2022లో మూతపడి 2024లో మళ్లీ తెరుచుకుంది, కాబట్టి బయల్దేరే ముందు రోజు తెరిచి ఉందో లేదో ఒకసారి చూసుకోండి. ఈ ఊళ్లో అద్దెలు ఎంత పేరున్న చోటునైనా ఖాళీ చేయిస్తాయి. కెన్నెడీ టౌన్‌లో సన్ హింగ్ అని ఒకటుంది, తెల్లవారుజామున మూడింటికి తెరుస్తారు, రాత్రంతా పనిచేసినవాళ్లు, పక్కనున్న యూనివర్సిటీ కుర్రాళ్లు వస్తారు. ఉప్పు గుడ్డు సొన కస్టర్డ్ లోపల పారుతూ ఉండే లావ్ సా బావ్‌కి దానికి పేరు. ఇరుకు, గోల, ఎవరి బుట్టలు వాళ్లే స్టీమర్ల దగ్గర్నుంచి తెచ్చుకోవాలి. చిన్నపిల్లలతో, పెద్దావిడతో నేనైతే అక్కడికి వెళ్లను.

ఇప్పుడు నా అసలు మాట. మీకు కావాల్సింది పొద్దున పూట ఆ వాతావరణం అయితే, పేరు పక్కన పెట్టండి. అపార్ట్‌మెంట్లు ఎక్కువున్న ఏ ఏరియాలోనైనా మాల్‌లోనో మార్కెట్ బిల్డింగ్ పైనో రెండు మూడు వందల మంది పట్టే చైనీస్ రెస్టారెంట్ ఒకటి ఉంటుంది, ఏడు, ఏడున్నరకే తెరుస్తారు. పొద్దున అంతా రిటైరైనవాళ్లే, ఒక చేతిలో పేపరు, ముందు ఒక కప్పు టీ, రెండు బుట్టలు, అంతే, గంటన్నర కూర్చుంటారు. పొద్దున త్వరగా వచ్చినవాళ్లకి ధర కూడా తగ్గిస్తారు చాలా చోట్ల. మీరు చూడాలనుకున్నది సరిగ్గా అదే, దానికి మిషెలిన్ స్టిక్కర్ అక్కర్లేదు. వారం మధ్యలో, ఎనిమిదింటికి వెళ్లండి. ఆదివారం పదకొండు నుంచి ఒంటిగంట దాకా మాత్రం ఆ వైపు వెళ్లొద్దు, తాతల నుంచి మనవల దాకా ఊరంతా అక్కడే ఉంటుంది, టోకెన్ తీసుకుని గంట నిలబడాలి.

ఆర్డర్ సంగతి. కూర్చోగానే ముందు ఏ టీ అని అడుగుతారు, మెనూ తర్వాత. పో లే అంటే నల్లటి పూ అర్ టీ, ఘాటుగా మట్టివాసనతో ఉంటుంది, నూనె తిండికి బాగా నప్పుతుంది, ఇక్కడి పెద్దవాళ్ల ఎంపిక అదే. హోంగ్ పిన్ అంటే మల్లెపూల టీ, మీకు నచ్చుతుంది. టీతో పాటు ఇంకో కుండలో వేడినీళ్లు వస్తాయి, ఒక పెద్ద గిన్నె కూడా ఇస్తారు. మొదటి విడత టీతోనో ఆ నీళ్లతోనో కప్పులు, గిన్నెలు, చాప్‌స్టిక్స్ కడిగి ఆ పెద్ద గిన్నెలో పారబోస్తారు, అందరూ చేస్తారు, మీరూ చేయండి. టీకి మనిషికింత అని బిల్లులో పడుతుంది, పైన చాలా చోట్ల పది శాతం సర్వీస్ ఛార్జి. టీ అడగలేదు కదా ఎందుకు వేశారని గొడవ పడకండి, అది కూర్చున్నందుకు కట్టేది అనుకోండి. కుండలో నీళ్లైపోతే మూత కాస్త పక్కకి తీసి పెట్టండి, పిలవకుండానే వచ్చి నింపుతారు. ఎవరైనా మీ కప్పులో టీ పోస్తే రెండు వేళ్లతో టేబుల్ మీద మెల్లగా తట్టండి, అదే థ్యాంక్స్. చియెన్‌లుంగ్ చక్రవర్తి మారువేషంలో తిరుగుతూ తన మనుషులకి తానే టీ పోశాడని, బయటపడకుండా దండం పెట్టడానికి వాళ్లు వేళ్లు వంచి బల్ల మీద తట్టారని కథ చెప్తారు.

బండ్లు చాలా చోట్ల పోయాయి. ఇప్పుడు ఒక కాగితం, పెన్సిల్ ఇస్తారు, కావాల్సినదాని పక్కన ఎన్ని బుట్టలో నంబరు రాసి ఇవ్వాలి. కాగితం చైనీస్‌లో ఉంటుంది, ఇంగ్లిష్ మెనూ అడిగితే చాలా చోట్ల ఇస్తారు, లేకపోతే ఫోన్ కెమెరాతో అనువాదం చూసుకోండి. ధరలు పేర్ల పక్కన కాకుండా చిన్న, మధ్య, పెద్ద, స్పెషల్ అని సైజుల్లో ఉంటాయి. మామూలు చోట బుట్ట 25 నుంచి 50 హాంకాంగ్ డాలర్ల మధ్య ఉంటుందనుకోండి. ఒకేసారి పది రాయకండి, నాలుగు చెప్పి అవి తిన్నాక మళ్లీ చెప్పండి. ఆవిరి తగ్గితే సగం రుచి పోతుంది.

పోర్క్ విషయం నిజం చెప్పాలి. సియూ మై అంటే పోర్క్, రొయ్య కలిపినది. లో మై గై, తామరాకులో చుట్టిన జిగురు బియ్యం, పేరుకి చికెన్‌దే గానీ చైనీస్ సాసేజ్, పోర్క్ కూడా వేస్తారు. ముల్లంగి కేక్ అని మెనూలో చూసి శాకాహారం అనుకుంటారు, అందులో ఎండు రొయ్యలు, సాసేజ్ ముక్కలు ఉంటాయి. చామదుంపతో చేసే వూ గోక్ లోపల పోర్క్. హా గావ్, అదే పల్చటి తెల్లటి పొరలో రొయ్య ముద్ద, చూడ్డానికి రొయ్యే గానీ రసం ఊరడానికి కొంచెం పంది కొవ్వు కలపడం మామూలు. పోర్క్ మాంసం తినం అన్నంతవరకైతే రొయ్యల చ్యోంగ్ ఫన్‌తో నడిపించొచ్చు, అంటే ఆవిరిపట్టిన బియ్యప్పిండి పొరలో రొయ్యలు చుట్టి పైన సోయా సాస్ పోసినది. కొవ్వు కూడా తగలకూడదంటే మామూలు రెస్టారెంట్లో మీకు ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు.


చేతిసంచి:

అక్కా, నేను పోయిన ఏడాది పిల్లలతోనే వెళ్లాను. పైన ఆయన చెప్పిన కాలనీ రెస్టారెంట్లు బాగానే ఉంటాయేమో గానీ పిల్లలు ఉన్నప్పుడు నా ఓటు సెంట్రల్‌లో సిటీ హాల్ బిల్డింగ్‌లో ఉన్న మాక్సిమ్స్ ప్యాలెస్‌కే. పెద్ద పెళ్లి మండపంలా ఉంటుంది లోపల, షాండ్లియర్లు, కిటికీల్లోంచి హార్బర్. బండ్లు తిరుగుతూనే ఉంటాయి, మూత తీసి చూపిస్తారు, కాబట్టి భాషతో పనిలేదు, పిల్లలు వేలు పెట్టి చూపించి తెప్పించుకున్నారు, వాళ్లకి అదే ఒక ఆట అయిపోయింది. తీసుకున్న ప్రతి బుట్టకీ టేబుల్ మీద ఉన్న కార్డు మీద ముద్ర వేస్తారు, చివర్లో ఆ కార్డు చూసే బిల్లు. మీ హోటల్ దగ్గర్నుంచి స్టార్ ఫెర్రీలో హార్బర్ దాటి నడిచి వెళ్లిపోవచ్చు, ఆ ఫెర్రీ ప్రయాణం కోసమైనా వెళ్లాలి.

కానీ ఒకటి, మామూలు రోజుల్లో పదకొండింటికి గానీ తెరవరు. ఆదివారం మాత్రం ముందే తెరుస్తారు, తొమ్మిదికి. మేం ఆదివారం తెరవకముందే వెళ్లి నిలబడ్డాం, మొదటి విడతలోనే లోపలికి పంపించారు. పదిన్నరకి మేం బయటికి వచ్చేసరికి మెట్ల దాకా జనం.

ఇంకో మాట, బండి మీద ఉన్నది ఆశగా చూసి వెంటనే తీసేసుకోవద్దు. మొదట వచ్చే బండ్లలో ఎక్కువగా కడుపు నింపే బన్‌లు, అన్నం ఐటమ్స్ ఉన్నాయి, చ్యోంగ్ ఫన్ బండి, తీపి బండి ఆలస్యంగా వచ్చాయి. అప్పటికి పిల్లలకి పొట్టలో చోటు లేదు.


విక్టోరియా_తీరం:

చేతిసంచి గారు చెప్పింది నిజమే, బండ్ల కోసమైతే అది మంచి చోటు, ఆదివారం తెరిచే వేళకి ఉండగలిగితే వెళ్లండి. నేను వద్దన్నది పదకొండు తర్వాత వెళ్లే ఆదివారాన్ని. ఆ ఒక్క రోజుకి పిల్లలకి హోటల్ రూమ్‌లో ఒక అరటిపండో బ్రెడ్డో పెట్టి తీసుకెళ్తే తొమ్మిది దాకా ఆగుతారు.


వాన్‌చాయ్_మెట్లు:

పోర్క్, పంది కొవ్వు రెండూ వద్దనుకునేవాళ్లకి ఇక్కడ ఒక మంచి చోటుంది, ఎవరూ చెప్పలేదేంటా అని చూస్తున్నాను. వాన్ చాయ్‌లో ఓయ్ క్వాన్ రోడ్డు మీద అమ్మార్ మసీదు ఉంది, మసీదు, ఇస్లామిక్ సెంటర్ ఒకే బిల్డింగ్. అయిదో అంతస్తులో క్యాంటీన్ ఉంది, అందరికీ ప్రవేశం, ముస్లింలకే అని ఏమీ లేదు. అక్కడ డిమ్ సమ్ అంతా హలాల్. హా గావ్, సియూ మై, బన్‌లు, చ్యోంగ్ ఫన్ అన్నీ ఉంటాయి, వంటగదిలోకి పంది మాంసం, కొవ్వు అడుగుపెట్టవు. మా ఇంట్లోవాళ్లు ఊరి నుంచి వచ్చినప్పుడల్లా నేను నేరుగా అక్కడికే తీసుకెళ్తాను. హా గావ్ ఏ మాత్రం తక్కువ కాదు, పొర పల్చగా, రొయ్య కరుకుగా ఉంటుంది. టేబుల్ నిండా బుట్టలు పెట్టుకుని కూర్చునే ఇక్కడి కుటుంబాలు కూడా వస్తాయి, టూరిస్టుల కోసం పెట్టిన చోటు కాదు.

మీరు బీఫ్ తినరు కాబట్టి అది మాత్రం చూసుకోండి. బీఫ్ ఉండలు, బీఫ్ చ్యోంగ్ ఫన్ అక్కడ ఉంటాయి, సియూ మైలో ఏ మాంసమో కూడా అడిగి తెప్పించుకోండి. డిమ్ సమ్ పొద్దున పది నుంచి మధ్యాహ్నం దాకానే, సాయంత్రం వెళ్తే మామూలు భోజనం మెనూ ఉంటుంది. శుక్రవారం మధ్యాహ్నం నమాజ్ వేళ బిల్డింగ్ బాగా రద్దీగా ఉంటుంది, ఆ రోజు వద్దు. మసీదు బిల్డింగ్ కాబట్టి భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలైతే బాగుంటుంది.


పచ్చిబఠాణీ:

నేను శాకాహారిని, ఆఫీసు పని మీద హాంకాంగ్ తరచూ వెళ్తుంటాను, అత్తగారి తరఫున నేను మాట్లాడతాను.

ముందుగా, అందరూ తింటుంటే ఆవిడని టీ కప్పు ముందు కూర్చోబెట్టొద్దు. "ఫరవాలేదమ్మా, మీరు తినండి" అనే అంటారు పెద్దవాళ్లు, అనకుండా ఉండరు. పరాయి ఊళ్లో పొద్దున్నే ఖాళీ కడుపుతో, పక్క టేబుల్ మీద కోడికాళ్ల బుట్ట చూస్తూ గంట కూర్చోవడం కష్టం. మీ సంతోషం కూడా పోతుంది.

మామూలు డిమ్ సమ్ చోట్ల శాకాహారికి కనిపించేవి చాలా, తినగలిగేవి చాలా తక్కువ. బన్ పిండిలో పంది కొవ్వు కలుపుతారు. ఎగ్ టార్ట్, మా లాయ్ గో అనే మెత్తటి ఆవిరి కేక్, కస్టర్డ్ బన్ అన్నింటిలో గుడ్డు. గంజి మాంసం రసంతో కాస్తారు. మామిడి పుడ్డింగ్ చూసి పిల్లలతో పాటు ఆవిడకీ తెప్పిస్తారేమో, అందులో మామూలుగా జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. ఉడికించిన ఆకుకూర పళ్లెం వస్తుంది, దాని మీద ఆయిస్టర్ సాస్ (ఆల్చిప్పల సాస్) పోసేసి ఉంటుంది. అది పోయకుండా తెమ్మని ముందే చెప్పాలి, జావ్ హో యావ్ అంటే అర్థమవుతుంది. నమ్మకంగా తినదగ్గది నాకు తెలిసి టోఫు ఫా ఒక్కటే, మెత్తటి సోయా గడ్డ మీద బెల్లం పాకం లాంటిది పోస్తారు.

శాకాహారం అని చెప్పాల్సి వస్తే ఉత్తినే మాంసం వద్దు అనకండి, రొయ్యలూ సాసూ వాళ్ల లెక్కలో వేరే. "సిక్ జాయ్" అనండి. బౌద్ధులు తినే శాకాహారం అని అర్థం, అది ఇక్కడ అందరికీ తెలిసిన పద్ధతి. చాంద్రమాన నెలలో మొదటి రోజు, పదిహేనో రోజు చాలామంది అలా తింటారు. ఆ మాట వినగానే ఏది కుదురుతుందో ఏది కుదరదో వాళ్లే చెప్తారు. ఆ వంటలో వెల్లుల్లి, ఉల్లి కూడా ఉండవు.

ఇక అత్తగారిని నిజంగా డిమ్ సమ్ తినిపించడానికి తీసుకెళ్లాల్సిన చోటు లాక్ చా టీ హౌస్. అడ్మిరల్టీ స్టేషన్ దగ్గర హాంకాంగ్ పార్క్ లోపల ఉంది, డిమ్ సమ్ మొత్తం శాకాహారమే, టీలు మామూలు రెస్టారెంట్ టీలకంటే చాలా మంచివి, ఆకుని నీళ్లలో ఎలా ఊరబెట్టాలో చూపిస్తారు కూడా. తెరిచేది పదింటికి. పక్కనే ఫ్లాగ్‌స్టాఫ్ హౌస్ అని 1846లో కట్టిన తెల్లటి బంగళా, అందులో టీ పాత్రల మ్యూజియం, టికెట్ లేదు. పుట్టగొడుగుల డంప్లింగ్‌లు బాగుంటాయి. ఆవిడ గుడ్డు తినరు కాబట్టి తీపి ఐటమ్స్ అడిగి తీసుకోండి. మీరందరూ అక్కడే తినొచ్చు, పోర్క్ గొడవా ఉండదు, బీఫ్ గొడవా ఉండదు.

మధ్యాహ్నం ఖాళీ ఉంటే డైమండ్ హిల్‌లో చీ లిన్ సన్యాసినుల మఠం, దాన్ని ఆనుకుని నాన్ లియెన్ గార్డెన్ ఉన్నాయి. ఆ తోటలో జలపాతం వెనకాల శాకాహార రెస్టారెంట్ ఉంది. అది టిఫిన్ వేళకి తెరవరు, లంచ్‌కి పెట్టుకోండి. మఠం హాళ్లు ఇనుప మేకులు లేకుండా చెక్కని చెక్కలో బిగించి టాంగ్ రాజుల కాలం పద్ధతిలో కట్టారు, ఆవిడకి తప్పకుండా నచ్చుతుంది.


నీలిగొడుగు:

ఇంత వివరంగా చెప్తారని అనుకోలేదు, అందరికీ చాలా చాలా థ్యాంక్స్. మా ఆయనకి చదివి వినిపించాను. ఇప్పటికి ఇలా అనుకుంటున్నాం. ఒక రోజు అందరం కలిసి లాక్ చాకి, పదింటికి, ముందు పిల్లలకి ఏదో కాస్త పెట్టి. ఇంకో రోజు నేను, ఆయన, పిల్లలు వాన్ చాయ్ క్యాంటీన్‌కి, ఆ పూట అత్తగారు హోటల్లో పూజ చేసుకుని పళ్లు, పాలు తీసుకుంటానన్నారు, అది ఆవిడ మాటే, నేను బలవంతం చేసింది కాదు. ఆదివారం మాక్సిమ్స్ ప్యాలెస్ ఆలోచిస్తున్నాం, ఆ బండ్లు పిల్లలకి చూపించాలని ఉంది, రొయ్యల చ్యోంగ్ ఫన్, టోఫు ఫా తిని వచ్చేస్తాం.

కానీ విక్టోరియా_తీరం గారు చెప్పిన, పొద్దున్నే పేపరు చదువుకునే పెద్దవాళ్లు ఉండే చోటు మీద నా మనసు పోవట్లేదు. ఒక పొద్దున నేనూ ఆయనా ఇద్దరమే ఏడున్నరకి వెళ్లి ఒక గంటలో వచ్చేయొచ్చా? టేబుల్ వేరేవాళ్లతో పంచుకోవాలంటారు, నిజమేనా? అంత పొద్దున్నే పో లే తాగితే కడుపులో మంటగా ఉంటుందా? క్యాష్ ఉండాలా, కార్డు పనిచేస్తుందా?


విక్టోరియా_తీరం:

తప్పకుండా వెళ్లండి, ఇద్దరైతే ఇంకా సులువు. ఇద్దరికి వేరే టేబుల్ కోసం ఆగక్కర్లేదు, పది మంది పట్టే గుండ్రటి టేబుల్ దగ్గర రెండు కుర్చీలు చూపిస్తారు, కూర్చోవడమే. అక్కడ అది మామూలు, ఎవరి టీ కుండ వాళ్లది, ఎవరి బిల్లు వాళ్లది. కూర్చునే ముందు ఆ టేబుల్ దగ్గరున్నవాళ్లకి చిన్నగా తలవంచితే చాలు. నేనైతే ఆ పక్కన కూర్చున్న పెద్దవాళ్ల దగ్గరే ఏం తినాలో నేర్చుకున్నాను. ఏది బాగుందని వేలితో చూపించి అడిగితే వాళ్లే కాగితం తీసుకుని మీ బదులు రాసేస్తారు, మీరు కొత్తవాళ్లని తెలిస్తే మరీ సంతోషిస్తారు. పోర్క్, బీఫ్ తినరని మాత్రం ఫోన్‌లో చైనీస్‌లో రాసుకుని ముందే చూపించండి, లేకపోతే ప్రేమగా సియూ మై తెప్పించేస్తారు.

టీ ఎక్కువసేపు ఊరితే ఘాటెక్కుతుంది, రెండో కుండలో వేడినీళ్లు అందుకే, కప్పులో కలుపుకోండి. ఖాళీ కడుపుతో వద్దనుకుంటే చామంతి పూలు, పో లే కలిపినది అడగండి, కుక్ పో అంటారు, కాస్త తేలిక.

డబ్బు విషయం, కార్డు తీసుకోని పాత చోట్లు ఇంకా ఉన్నాయి, కాబట్టి క్యాష్ ఉంచుకోండి. ఎయిర్‌పోర్టులోనే ఆక్టోపస్ కార్డు తీసుకోండి, మెట్రో, ఫెర్రీ, బస్సు అన్నింటికీ అదే, చాలా రెస్టారెంట్లలో కూడా పనిచేస్తుంది. బిల్లు కావాలంటే చెయ్యెత్తి "మాయ్ దాన్" అనండి, లేదా టేబుల్ మీదున్న ఆర్డర్ కార్డు తీసుకుని తలుపు దగ్గర కౌంటర్‌కి వెళ్లండి. టిప్ విడిగా ఇవ్వక్కర్లేదు, సర్వీస్ ఛార్జి బిల్లులోనే ఉంటుంది, చిల్లర వదిలేస్తే చాలు.

చిమ్ షా చుయ్‌లోనే కంటే మెట్రోలో ఉత్తరం వైపు కొన్ని స్టేషన్లు వెళ్లి, ప్రిన్స్ ఎడ్వర్డ్ దాటాక ఎక్కడైనా దిగి వెతకండి. స్టేషన్ పక్క మాల్‌లో పై అంతస్తుకి వెళ్లే లిఫ్ట్ దగ్గర పొద్దున్నే పెద్దవాళ్లు గుంపుగా నిలబడి కనిపిస్తే, వాళ్లతో పాటు ఎక్కేయండి.


పచ్చిబఠాణీ:

నీలిగొడుగు గారూ, ఒక చిన్న మాట చేర్చాలి. షామ్ షుయ్ పో వైపే వెళ్తే క్వెయ్‌లిన్ వీధిలో హాప్ యిక్ తాయ్ అని చిన్న షాపు ఉంది, పొద్దున్నే తెరుస్తారు, రెస్టారెంట్ కాదు. లోపల ఏమీ పెట్టని ఉత్త చ్యోంగ్ ఫన్, బియ్యప్పిండి చుట్టలు, కత్తెరతో ముక్కలు చేసి పైన సోయా సాస్, తియ్యటి సాస్, నువ్వుల సాస్ పోసి నువ్వులు చల్లి ఇస్తారు. చాలా మెత్తగా ఉంటాయి. అదే షాపులో చేప ఉండలు, పందిచర్మం కూడా అమ్ముతారు, సాస్‌లలో ఏం వేస్తారో అడగాలి, కాబట్టి అత్తగారికి నేను చెప్పను. కానీ మీ ఇద్దరికీ ఆ పొద్దున డిమ్ సమ్‌కి ముందో తర్వాతో ఒక ప్లేట్ చాలు. పిల్లలకి పార్సిల్ పట్టుకెళ్లాలంటే సాస్ విడిగా కట్టమనండి, హోటల్‌కి చేరేసరికి నానిపోకుండా ఉంటుంది.